ఎలుకల మందు వల్ల గుడ్లగూబ చనిపోయిందా? రెండోదాన్ని ఎలా కాపాడాలి?

మా పెరట్లో చెట్టు తొర్రలో తెల్లటి మొహం గుడ్లగూబల జంట ఉంటోంది. మొన్న పొద్దున ఒకటి చెట్టు కింద రెక్కలు వాల్చేసి కూర్చుంది. దగ్గరికెళ్లినా ఎగరలేదు. ముక్కు దగ్గర కాస్త రక్తం. సాయంత్రానికి చనిపోయింది.

అంతకు వారం ముందే స్టోర్‌రూమ్‌లో ఎలుకల మందు పెట్టాను. డబ్బా మీద బ్రోమడియోలోన్ అని ఉంది. విటమిన్ కె పనికి అడ్డుపడి రక్తం గడ్డకట్టనివ్వని రకం ఇది. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా బయట తిరుగుతుంది. గుడ్లగూబకి అంతకంటే తేలిగ్గా దొరికే తిండేముంది? నేనే చంపానేమోనని మనసు పీకుతోంది. మందంతా తీసేశాను.

ఇప్పుడు రెండోదాని గురించే టెన్షన్. అదీ అలాంటి ఎలుకను తిని ఉంటే ముందుగా ఏ లక్షణాలు కనిపిస్తాయి? విటమిన్ కె1 విరుగుడని తెలుసు, కానీ ఎగురుతున్న పక్షిని పట్టుకోవడం మంచిదా, లేక దూరం నుంచి గమనిస్తే చాలా? చచ్చిన ఎలుకలు దొరికితే లోతుగా పూడ్చేస్తే సరిపోతుందా?

ఎలుకలేమో ఇంకా ఉన్నాయి. బోను పెడితే రెండు రోజుల్లోనే తెలివి మీరిపోయాయి (అటువైపు కూడా రావట్లేదు). గాయపడ్డ పక్షులకు వైద్యం చేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.