మెట్స్ ఆఖరి మ్యాచ్: రేడియో కామెంటరీ, టీవీ బొమ్మ కలవట్లేదు, హెల్ప్ ప్లీజ్

అందరికీ నమస్తే అండి, ఉండేది న్యూజెర్సీలో. ఈ 2025 బేస్‌బాల్ సీజన్‌లో జూన్ 12కి 45 గెలుపులు, 24 ఓటములతో లీగ్ మొత్తంలో టాప్‌లో ఉన్న మా న్యూయార్క్ టీమ్ మెట్స్ ఇప్పుడు 83-78, పోటీలో ఉన్న సిన్సినాటి టీమ్ రెడ్స్ కూడా అంతే, ఇద్దరూ సమానంగా ముగిస్తే ముఖాముఖి రికార్డు బట్టి ప్లేఆఫ్స్‌కి (నాకౌట్ దశకి) వెళ్లే ఛాన్స్ రెడ్స్‌కే. ఇక మిగిలింది రేపు ఆదివారం మయామీలో మార్లిన్స్‌తో ఒక్క గేమ్, మధ్యాహ్నం 3 దాటాక. సీజన్ ఎలాగూ ఏడిపించింది, కనీసం మెట్స్ రేడియో కామెంటేటర్ హౌవీ రోజ్ గొంతు వింటూ చూద్దామని టీవీ మ్యూట్ చేసి రేడియోలో 880 ఏఎం స్టేషన్ పెడుతున్నా.

సమస్యేంటంటే టీవీ స్ట్రీమింగ్‌లో వస్తుంది కాబట్టి రేడియో సుమారు 40 సెకన్లు ముందుంటోంది, పిచర్ ఇంకా బంతి చేతిలో తిప్పుతుంటే ఇక్కడ స్ట్రైకవుట్ అయిపోయిందని చెప్పేస్తున్నారు! ఫోన్ యాప్‌లో రేడియో పెడితే అది టీవీ కన్నా వెనక, టీవీ పాజ్ చేసి కలిపినా యాడ్స్ అయ్యాక మళ్లీ తేడా. రేడియో హెడ్‌ఫోన్ జాక్ నుంచి ల్యాప్‌టాప్ మైక్ జాక్‌కి వైర్ కూడా పెట్టా, సౌండ్ వస్తోంది కానీ ఆలస్యం చేసే ఆప్షన్ దొరకలేదు.

విండోస్ 11లో లైవ్ ఆడియోని 40 సెకన్లు ఆలస్యంగా వినిపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?