లినో అచ్చులో గూడబాతు ఈకల గీతలు పూడిపోతున్నాయి, సాయం చేయండి

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో వేసుకున్న గూడబాతు స్కెచ్‌ని లినో (అచ్చు కోసం చెక్కే మెత్తని లినోలియం పలక) మీద చెక్కాను. మెడ వెనక ఈకలన్నీ వెంట్రుకంత సన్నటి గీతలు. పక్షుల బొమ్మలకు పేరున్న ఇంగ్లిష్ చిత్రకారుడు చార్లెస్ టనిక్లిఫ్ చెక్క అచ్చుల్లో ఈకలు ఎంత తేటగా ఉంటాయో చూశాకే ఈ పని మొదలుపెట్టాను.

నూనె ఇంకు, 200 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ పేపర్. ప్రెస్ లేదు, చెక్క స్పూన్ వెనకవైపుతో రుద్దుతున్నాను. మొదటి రెండు అచ్చులు చక్కగా వస్తాయి. మూడోదానికల్లా గీతల్లోకి ఇంకు దిగి మెడంతా నల్లముద్ద అవుతోంది. ఇంకు తగ్గించాను, రోలర్‌తో పల్చగా పరిచాను, గీతలు ఇంకొంచెం లోతుగా చెక్కాను. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేస్తే మళ్లీ రెండు అచ్చులే.

మధ్యాహ్నం గదిలో 34 డిగ్రీలు ఉంటోంది. పొద్దున్నే వేస్తే నాలుగైదు దాకా బాగానే వచ్చాయి, అందుకే వేడికి ఇంకు పల్చబడుతోందని నా అనుమానం. వరసగా పది అచ్చులు రావాలంటే ఇంకును చిక్కబరిచే మెగ్నీషియం కార్బొనేట్ పొడి అందులో ఎంత కలపాలి?