పిడుదు పట్టుకుంటే నూనె పోయాలా, లాగేయాలా?

కొండబాట: తలకోన జలపాతం చూసి వచ్చిన రాత్రి తమ్ముడి మోకాలి మడతలో మినపగింజంత పిడుదు కనిపించింది. నాన్న కిరోసిన్ చుక్క వేయమన్నారు. తమ్ముడు అగరుబత్తి వేడి చూపమన్నాడు. ఎలాగో తీశాం కానీ ఏది సరైన పద్ధతో ఇంట్లో ఇంకా తెగలేదు. మీరే తేల్చండి.

పాకాల పాడి: నాన్నగారి మాటే సరి. మా ఆవుల చెవుల్లో పడితే వేపనూనె రాస్తాం. ఊపిరాడక రాలిపోతాయి. లాగితే తల తెగి లోపల ఉండిపోతుంది.

తెల్లకోటు: అన్నా, పిడుదు గంటకు కొన్నిసార్లే ఊపిరి తీసుకుంటుంది. నూనెకు అది చచ్చేలోగా దాని లాలాజలం ఒంట్లోకి పోతూనే ఉంటుంది. వేడి, కిరోసిన్ తగిలితే ఇంకా ఎక్కువ కక్కవచ్చు. జబ్బు వచ్చేదే దానితో. కనుబొమలు తీసే ప్లక్కర్ చాలు. పొట్ట నొక్కకుండా, చర్మానికి ఆనించి నోటి దగ్గర పట్టుకుని, తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. ఆ చోటును సబ్బుతో కడగాలి.

కొండబాట: అమెరికాలో ఉన్న బావ వెంటనే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఒకటి వేయమంటున్నాడు.

తెల్లకోటు: అది అక్కడి లైమ్ జబ్బుకు, అక్కడి పిడుదు జాతికి వేసుకున్న లెక్క. ఇక్కడ ముందే మింగనక్కరలేదు. రెండు వారాలు జ్వరం వస్తుందేమో చూడండి.

చంద్రగిరి నడక: అందరూ కంటికి కనిపించే పిడుదు చుట్టూనే తిరుగుతున్నారు. మన వైపు అసలు బెడద స్క్రబ్ టైఫస్ అనే జ్వరం. అది పిడుదుతో రాదు, పొదల్లో ఉండే మైట్ అనే సన్న పురుగు పిల్లలతో (చిగర్ అంటారు) వస్తుంది. అవి కంటికి ఆనవు, కుట్టినా తెలియదు. ఇక ప్లక్కర్‌తో లాగడానికేముంది? వారం పది రోజులకు జ్వరం, తలనొప్పి. చంకలోనో గజ్జల్లోనో నొప్పి లేని నల్లటి చెక్కు కడుతుంది, కొందరికి అదీ ఉండదు. అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకు చెప్పకపోతే డెంగీ, టైఫాయిడ్ పరీక్షలతోనే రోజులు గడిచిపోతాయి. తేలితే మాత్రం ఆ డాక్సీసైక్లినే మందు. అందుకే ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి, బట్టలకు పర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించాలి. అది ఒంటికి రాసుకునేది కాదు.

పాకాల పాడి: బట్టలకు మందు కొట్టుకుని దేవుడి కొండ ఎక్కాలా?

చంద్రగిరి నడక: శ్రీవారి మెట్టుకు అక్కరలేదు. పొదల్లోకి దిగేవారికి చెప్పాను. అనుమతి లేని దారిలో దిగితే పిడుదుకన్నా ముందు ఎర్రచందనం కాపలావాళ్లే పట్టుకుంటారు, అది వేరే సంగతి.

పాకాల పాడి: తల తెగితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

తెల్లకోటు: ప్లక్కర్‌కు అందితే తీయండి, అందకపోతే వదిలేయండి. సూదితో కెలకవద్దు. కొన్నాళ్లకు చర్మమే బయటికి నెట్టేస్తుంది.