పెళ్లి గుర్రానికి ముళ్ల కళ్ళెం: తీయించాలా, యజమానికే వదిలేయాలా?

వేపచెట్టు:
వచ్చే నెల సికింద్రాబాద్‌లో మా తమ్ముడి పెళ్లి. బారాత్‌కి గుర్రం మాట్లాడదామని నిన్న వెళ్లాను. తెల్లగా, చూడముచ్చటగా ఉంది. దగ్గరికి వెళ్తే పెదవి మూలల్లో చర్మం లేచిపోయి ఉంది, నురగలో ఎర్రటి చార. గోడకి వేలాడుతున్న కళ్ళెం చూశాను. నోట్లోకి వెళ్లే ఇనుప కడ్డీకి రెండు పక్కలా ముళ్లున్నాయి. "ఇది లేకపోతే బ్యాండు మోతలో ఆగదమ్మా" అన్నాడాయన. ఇంట్లో చెబితే "వాళ్ల గుర్రం, వాళ్లిష్టం" అంటున్నారు. రాత్రి నిద్ర పట్టలేదు. ముళ్లు లేని కళ్ళెం వేస్తేనే అడ్వాన్స్ ఇస్తానని పట్టుబడితే తప్పా?

జట్కావారి మనవడు:
తప్పనను గానీ అక్కా, ఆయన వైపు నుంచి కూడా చూడండి. మా తాత జట్కా తోలారు, మా నాన్న పెళ్లిళ్లకు రెండు గుర్రాలు తిప్పుతున్నారు. పక్కనే టపాసులు పేలుతుంటాయి, డీజే మోతకి మనకే గుండె అదురుతుంది, ఎవరో ఒకరు తోక పట్టుకుని లాగుతారు. పైన ఉన్న పెళ్లికొడుకు అప్పుడే మొదటిసారి గుర్రం ఎక్కి ఉంటాడు. అది బెదిరి జనం మీదికి దూకితే ఎవరిది బాధ్యత? అందరికీ మా కళ్ళెం కనిపిస్తుంది, వాళ్ల డీజే కనిపించదు.

సవారీ మాస్టర్:
డీజే గురించి తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ముళ్లు గుర్రాన్ని ఆపుతాయంటే ఒప్పుకోను. గుర్రం భయం వేస్తే పారిపోయే జంతువు. నోట్లో గుచ్చుకుంటే ఆ భయం ఇంకా పెరుగుతుంది. తల పైకెత్తి నోరు తెరుస్తుంది, వెనక్కి వెనక్కి నడుస్తుంది, కొన్ని వెనక కాళ్ల మీద లేచి నిలబడతాయి. అప్పుడు పెళ్లికొడుకు సంగతేంటి?

కళ్ళెం కూర్చునే చోటు ఎలాంటిదో తెలిస్తే ఈ వాదనే రాదు. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. అక్కడ కింది దవడ ఎముక అంచు సన్నగా ఉంటుంది, దాని మీద పల్చటి చిగురే. మీ మోకాలి కింద ముందరి ఎముకను వేలితో గట్టిగా నొక్కి చూడండి, అర్థమవుతుంది. ముళ్లే అక్కర్లేదు, నున్నటి కడ్డీ కూడా కొలత తప్పితే పుండు చేస్తుంది.

మా దగ్గరికి ఒక గుర్రం వచ్చింది, ఎడమకి తిప్పితే తల విదిలించేది. మొండిదని పేరు పెట్టి అమ్మేశారు. నోరు తెరిచి చూస్తే కడ్డీ పొట్టిది, చివరి రింగు కదిలినప్పుడల్లా పెదవి మూల రింగుకీ కడ్డీకీ మధ్యన పడి నలుగుతోంది. పుండు మానేదాకా కళ్ళెమే వేయలేదు. తర్వాత నోటికి అడ్డంగా దారం పెట్టి కొలిచి, రెండు పక్కలా అర సెంటీమీటరు చొప్పున ఎక్కువ ఉన్న కడ్డీ వేశాం. ఇప్పుడు పదేళ్ల పిల్లలు ఎక్కుతున్నారు దాన్ని.

ఎత్తు కూడా చూసుకోవాలి. పెదవి మూలలో ఒకటి రెండు ముడతలు పడితే చాలు. మరీ కిందికి జారితే పళ్లకి కొట్టుకుంటుంది, మరీ బిగిస్తే రోజంతా పెదవిని లాగుతూనే ఉంటుంది. ముక్కుపట్టీ కింద, ముందువైపు ఎముక మీద, రెండు వేళ్లు దూరాలి. గుర్రం మనలా నోటితో గాలి పీల్చుకోలేదు. పట్టీ మెత్తటి భాగం మీదికి జారితే ఊపిరికే అడ్డం. అంతర్జాతీయ పోటీల్లో ఈ బిగువు కొలవడానికి అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ 2025లో ప్రత్యేక పరికరమే తెచ్చింది.

బీచ్‌రోడ్:
విశాఖ నుంచి. అసలు నోట్లో ఇనుమే ఎందుకండీ? షో జంపింగ్‌లో, అంటే గుర్రాన్ని అడ్డంకుల మీంచి దూకించే పోటీల్లో, ముక్కు మీద పనిచేసే హాకమోర్ అనే కళ్ళెం వేసి, నోట్లో ఏమీ లేకుండా దూకించేవాళ్లున్నారు కదా. కొలతలు సరిచేసి హింసకి ఒప్పుకుంటున్నట్టుంది నాకు.

సవారీ మాస్టర్:
ఉన్నారు, నేనూ కొన్నిటికి వేస్తాను. కానీ పక్క కడ్డీలున్న హాకమోర్ కూడా మీటలాగే పనిచేస్తుంది. పగ్గం కొంచెం లాగినా ముక్కు ఎముక మీద, గడ్డం కింద ఒత్తిడి పెరుగుతుంది. దాన్నీ కిందికి కట్టి గుంజితే నొప్పే. నెలల తరబడి నేర్పిన గుర్రానికైతే మంచిదే. రేపటి బారాత్‌కి ఉన్నపళంగా మారిస్తే ప్రమాదం.

నల్లకోటు:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల పట్ల క్రూరత్వాన్ని అరికట్టే 1965 నాటి కేంద్ర నిబంధనల్లో 8వది ముళ్లున్న కళ్ళేన్ని నిషేధించింది. తోలడానికైనా, ఎక్కడానికైనా, అదుపు చేయడానికైనా వాడకూడదనే ఉంది. కాబట్టి పెళ్లి గుర్రానికి వర్తించదనడానికి లేదు. వేపచెట్టు గారూ, మీరు అడిగేది ఉపకారం కాదు.

జట్కావారి మనవడు:
నాలుగు రోజులు ఏమీ రాయలేదు. మాస్టరు గారు చెప్పినట్టు మొన్న రాత్రి ఫోన్ లైటు వేసి మా ఆడగుర్రం నోరు తెరిచి చూశాను. కుడి పక్క చిగురు మీద వేలికి తగిలేంత గట్టి మచ్చ ఉంది, పక్కనే పచ్చి పుండు. ఆరేళ్లుగా రోజూ మేత పెడుతున్నాను, ఒక్కసారి కూడా చూడలేదు. నాన్నకి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "దారం తీసుకురా" అన్నారు. నున్నటి కడ్డీ కొన్నాం, ఇంకా వేయలేదు. మాస్టరు గారూ, పుండు మానేదాకా నోట్లో కడ్డీ లేకుండా తలకి కట్టే తాడు హాల్టర్‌తో నడిపించవచ్చా?

సవారీ మాస్టర్:
నడిపించు తమ్ముడూ, కానీ ఎవరినీ ఎక్కించకు, బేరాలు ఒప్పుకోకు. ముందు పశువైద్యుడికి పళ్లు చూపించు. పదునెక్కిన పన్ను బుగ్గకి గీసుకుంటుంటే ఏ కళ్ళెం వేసినా తల విదిలిస్తూనే ఉంటుంది. కడ్డీ వేసే రోజు మొదట ఇంటి దగ్గరే, మోత లేనిచోట, ఒక పావుగంట.

వేపచెట్టు:
మా ఇంట్లో చివరికి ఒప్పుకున్నారు. ముళ్లు లేని కళ్ళెం, అటూ ఇటూ గుర్రానికి అలవాటైన మనుషులు, దాని దగ్గర టపాసులు వద్దు, డీజే బండి ఊరేగింపు చివర. యజమాని ముందు సంకోచించాడు. డీజే దూరంగా పెడతామన్నాక "అట్లయితే సరేనమ్మా" అన్నాడు. పుండు మానకపోతే గుర్రం వద్దు, తమ్ముడు నడిచే వస్తానన్నాడు.