దీపావళి సంబరాల్లో ఆడియో గది: తేలాల్సిన సంగతులు

అందరికీ నమస్కారం. నేనింకా హైదరాబాద్‌లోనే ఉన్నా, అందుకే రాత్రి కాల్‌లో కలవలేకపోయాను. అమెరికాలో మనం చేసే దీపావళి సంబరాల్లో, స్పీకర్లు, ఆంప్లిఫయర్లు పెట్టి పాటలు వినిపించే ఆడియో గది మాట వస్తే, మీలో కొందరు "నలుగురి సరదాకి గదెందుకు, అక్కడ ఇంకో రెండు నగల స్టాళ్లు పడతాయి" అన్నారట. నా వాదనా వినండి.

షికాగో దగ్గర జరిగే ఆక్స్‌పోనా లాంటి పెద్ద ఆడియో షోల్లో అంతస్తులకు అంతస్తులు గదులే. సోఫాలో చోటు దొరకడమే గగనం. దొరికినా చాలాచోట్ల పాట వాళ్లు పెట్టిందే, వాల్యూమ్ వాళ్లిష్టమే. మన గదిలో బాబాయి ఒకాయన సంచిలోంచి ఘంటసాల ఎల్పీ రికార్డు తీసి "ఇది వేయవయ్యా" అంటాడు. ఏళ్ల తరబడి విన్న పాట కదా, ఏ స్పీకరు గొంతుని ముక్కుతో పాడిస్తోందో, ఏది తబలాని మింగేస్తోందో ఇట్టే పట్టేస్తాడు. కొనేవాడికి ఇంతకు మించిన పరీక్ష ఏముంటుంది?

ఇక అమ్మేవాళ్లు. ఇంట్లో సొంతంగా ఆంప్లిఫయర్లు కట్టే మనవాళ్లిద్దరు టేబుల్ పెడతామన్నారు. ఆ రోజు ఒక్కటీ అమ్ముడుపోకపోవచ్చు. కానీ తను చేసిన పెట్టె ముందు మనిషి కూర్చుని, రెండో చరణానికే మొహం చిట్లించి లేస్తే, ఆపి ఎందుకని అడగొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మేవాడికి ఆ మొహం కనబడదు. వాళ్ల దగ్గర నగల స్టాల్ రేటు వసూలు చేయడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది. టేబుల్ అద్దె తీసుకుందాం, చాలు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇక్కడి నుంచి పాత టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) తెస్తామన్నవాళ్లు ఆగండి. నిన్న కోఠీ గుజరాతీ గల్లీలో ఒక మెకానిక్‌ని అడిగితే, మొదటి ప్రశ్నే "అక్కడ కరెంటు 60 కదా సార్, పుల్లీ మార్చారా?" అన్నాడు. ఇండియాలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సరిచేస్తుంది గానీ హెర్ట్జ్‌ని ముట్టుకోదు. ఏసీ సింక్రనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరిగేది) ఉన్నదైతే, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది కాస్తా 40 చుట్లు తిరుగుతుంది. ఒకటో శ్రుతి పాట రెండున్నరలో, అంటే ఇంకా పై స్థాయిలో మోగుతుంది! డీసీ మోటారువి పర్లేదు. కీ ఇచ్చే గ్రామఫోన్‌కైతే అసలు గొడవే లేదు.

78 స్పీడు పాత రికార్డులు తెచ్చేవాళ్లు వాటికి తగ్గ సూది కూడా తేవాలి. వాటి గాడి వెడల్పు ఎక్కువ, ఎల్పీ సూది అడుక్కి దిగిపోయి బరబరమంటుంది. లక్కతో చేసినవి, పడితే పెంకులే. చెక్-ఇన్ లగేజీలో వేయకండి.

*హాలు చూసే అక్క:* గది ఇస్తాను తమ్ముడూ, కానీ పక్కనే పిల్లల కూచిపూడి రిహార్సల్. మీ మోత వాళ్ల తాళం తప్పిస్తుంది.

అయితే అది వద్దక్కా. భోజనాల హాలు వెనక కార్పెట్ గది చిన్నదైనా పర్లేదు, మాటా పాటా ప్రతిధ్వనించదు. సబ్‌వూఫర్లు (బాస్ మోత పెట్టే స్పీకర్లు) తేవద్దని అందరికీ నేనే మెసేజ్ పెడతా.

*ఖర్చులు చూసే అన్న:* టేబుల్ అద్దెకి సరే. ఇన్సూరెన్స్ కాగితం హాలువాళ్లు అడుగుతారు, దాని సంగతి నాకొదిలేయ్.

థాంక్సన్నా. ఇక మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు దగ్గర ఒకరు కావాలి. మనిషికి రెండు పాటలు, అంతే. పెద్దవాళ్లకి కూడా "ఇక చాలండీ" అని చెప్పగలిగేవాళ్లు, కాస్త మొహమాటం తక్కువున్నవాళ్లు పేరివ్వండి.