కీమో నడుస్తున్న అమ్మను ఈ కరోనా లాక్‌డౌన్‌లో (మే 2021) ఎలా కాపాడుకోవాలి?

నల్గొండ దగ్గర పల్లె మాది. అమ్మకు రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్‌లో మూడో కీమో ఎక్కించి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. పోయినసారి సరిగ్గా ఈ రోజుల్లోనే రక్తంలో రోగాలతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోయాయి, అందుకే గుండె దడగా ఉంది.

రెండు గదుల ఇల్లు, బాత్రూమ్ ఒక్కటే. నాన్నది కిరాణా కొట్టు. పొద్దున 6 నుంచి 10 దాకానే సడలింపు కాబట్టి ఊరంతా ఆ నాలుగు గంటల్లోనే వచ్చి పడుతుంది. నాన్న వాకిట్లోనే స్నానం చేసి, చొక్కా సర్ఫు నీళ్లలో నానేస్తాడు. పడక వరండాలోనే. రాత్రి అమ్మ కిటికీలోంచి "తిన్నవా?" అని అడిగితే ఖాళీ పళ్లెం ఎత్తి చూపిస్తాడు.

చుట్టాలకు మాత్రం చెప్పలేకపోతున్నాం. నిన్న పెద్దమ్మ నాటుకోడి గుడ్లు పట్టుకుని, మాస్కు లేకుండా మంచం దాకా వచ్చేసింది. రావద్దంటే "నా చెల్లెను నేను చూడొద్దా" అని ఏడ్చింది. ఇలాంటివాళ్లకు మీరు ఎలా నచ్చజెప్పారు?

జ్వరం 100.4 దాటితే గంట కూడా ఆగకుండా తీసుకురమ్మన్నారు డాక్టరు. అర్ధరాత్రి వస్తే దారిలో పోలీసులకు కీమో ఫైలు చూపిస్తే చాలా? పోయినసారి ఒక ఆసుపత్రిలో కరోనా రిపోర్టు కావాలని గేటు దగ్గరే రెండు గంటలు కూర్చోబెట్టారు. ముందే ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

టీకా సంగతి డాక్టరునే అడుగుతాం. కానీ కీమోల మధ్య వేయించుకున్నవాళ్లుంటే తర్వాత ఎలా ఉందో చెప్పండి. నల్గొండ వైపు ఇంటికొచ్చి రక్తం తీసే ల్యాబ్ తెలిసినా చెప్పండి, ఎల్లుండికల్లా కౌంట్ చూడాలి.