డైపర్‌ను ల్యాబువాళ్లు వెనక్కి ఇచ్చేశారు

శ్రీకాకుళం కోడలు:
మా బాబుకు 14 నెలలు. మొన్న రాత్రి వాంతులు, తెల్లవారేసరికి నీళ్ల విరేచనాలు. నిన్న ఒక్కరోజే పదకొండుసార్లు. డాక్టరుగారు మల పరీక్ష రాశారు. డైపర్‌నే సంచిలో చుట్టి పట్టుకెళితే ల్యాబులో అమ్మాయి పనికిరాదని తిరిగి ఇచ్చింది. ఎందుకని? పైగా రూ.120 పరీక్షా, రూ.900 పరీక్షా అని అడిగింది. తేడా ఏమిటి?

పాత టెక్నీషియన్:
పదిహేడేళ్లుగా ఆ బల్ల దగ్గరే కూర్చుంటున్నానండి. విరేచనంలోని నీరంతా డైపర్ పీల్చేస్తుంది, మాకు మరక మిగులుతుంది. డైపర్ లోపల పలచటి ప్లాస్టిక్ కవరు పరిచి తొడగండి, పక్కనే ఉండి చూసుకోండి. కాగానే చెంచాడు శుభ్రమైన డబ్బాలోకి తీయండి. మూత్రం కలవకూడదు. వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టే అరలో కాదు. ఒకాయన ఆవకాయ సీసాలో తెచ్చారు, అంచున కారం అలాగే ఉంది!

రూ.120 పరీక్ష మామూలు మైక్రోస్కోపుది. చీము కణాలు, రక్త కణాలు, అమీబా, పురుగుల గుడ్లు చూస్తాం. వైరస్ దానికి అందదు. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌ను 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం కనిపెట్టింది కూడా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనే. చక్రంలా ఉంటుందని ఆ పేరు. రెండోది బహుశా రోటా పట్టీ పరీక్ష: మలాన్ని ద్రావణంలో కలిపి చుక్కలు వేస్తాం, వైరస్ ప్రోటీను ఉంటే రెండో గీత వస్తుంది. గీత రాకపోతే ఏ వైరసూ లేదని అనుకోకండి. విరేచనాలు తెచ్చే మరో వైరస్ నోరో దీనిలో తెలియదు, దానికి పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) కావాలి. ఏది చేయించాలో డాక్టరు చీటీలోనే ఉంటుంది, చూడండి.

శ్రీకాకుళం కోడలు:
చీటీలో రోటా అనే ఉంది. కానీ రోటా చుక్కల టీకా మూడుసార్లూ వేయించామే?

పిల్లల వార్డు నర్సు:
వేయించినా రావచ్చమ్మా, ఆస్పత్రిలో చేర్చేంత తీవ్రత రాకుండా చాలావరకు కాపాడుతుంది. రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఓఆర్‌ఎస్ ఆపకండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీటిలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ అంచనాగా వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జింకు డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయండి, విరేచనాలు తగ్గగానే మానేయకండి. మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా వెంటనే తీసుకెళ్లండి.

శ్రీకాకుళం కోడలు:
కవరు పద్ధతి రెండోసారికి కుదిరింది, మొదటిసారి మంచం పాడైంది. రెండో గీత వచ్చింది. వైరస్‌కు పనిచేయదని డాక్టరుగారు యాంటీబయోటిక్ రాయలేదు, మా అత్తగారికి అదొక్కటే కోపం. బాబు ఇప్పుడే సగం ఇడ్లీ తిని మిగతాది నా చీర మీద పూశాడు.